పండించిన వారూ అదే పంక్తిలో

ఇవాళ పొద్దున్న మా వీధిలో ఎవరో పనసపొట్టు కూరలో ఆవ కలిపినట్టున్నారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే రాజోలులో మాణిక్యమ్మ గారి భోజన హోటల్ కళ్లముందు నిలబడింది. తొంభైలలో ఆవిడ దగ్గర కూరలు తరగడానికి చేరి, వంట నేర్చుకుని బయటికొచ్చిన దాన్ని నేను. ఆర్గానిక్ అన్న మాట అప్పటికి మా చెవిన పడలేదు. మందు కొట్టని కూరలు చుట్టుపక్కల రైతులు ఏవి తెస్తే ఆ పూటకి అవే వండేవారు. తెచ్చిన రైతు కూడా అందరితోపాటు పంక్తిలో కూర్చుని తినాలి, అది ఆవిడ పెట్టిన షరతు. వడ్డిస్తూ, "ఈ వంకాయలు ఇదిగో, ఈయన కాయించేరండి" అని చూపించేవారు. తాటిపాక గ్యాసు పనులకొచ్చిన ఇంజినీర్లు ఎంగిలి చేత్తోనే నమస్కారం పెట్టబోయి నాలుక్కరుచుకునేవారు. రైతులకేమో సిగ్గూ సంతోషమూ.

ఒక వేసవిలో ఓ ఇంజినీరుగారు కాలీఫ్లవర్ లేదా అని అడిగారు. "ఎందుకుండదండీ, కార్తీకంలో రండి, మీ విస్తట్లోనే వేస్తాను. ఈలోగా మావిడికాయ పప్పు తినండి" అన్నారావిడ. ఆయన మారు వడ్డించుకుని మరీ తిన్నారు.

ఆ హోటల్‌కి పేరు తెచ్చినవి పక్కనే నగరం అనే ఊరి సత్తిరాజు గారి బీరకాయలు. కొబ్బరిచెట్ల మధ్య పాదులు పెట్టేవారాయన. బీరకాయ ఎవరిదైనా సరే, తరిగే ముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూస్తాం. ఒక్క చేదుకాయ పడిందంటే గిన్నెడు కూరా పోయినట్టే. ఒకరోజు ఆయన వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని మజ్జిగ తాగుతున్నారు. నేను ముక్క నోటిదాకా తీసుకెళ్లేసరికి మాణిక్యమ్మ గారు కళ్లతోనే వారించారు. "ఆయనెదురుగానా? బాగోదమ్మా, మనిషిని నమ్మనట్టుంటుంది. తరిగెయ్యి" అన్నారు గొంతు తగ్గించి. తరిగేశాను.

వడ్డించేటప్పుడు ఎప్పటికంటే గట్టిగా, "సత్తిరాజు గారి బీరకాయండి" అన్నారావిడ. మొదటి ముద్దకే ఒకాయన ఉమ్మేశాడు. పక్కాయన, "ఇవి బీరకాయలా కాకరకాయలా, సత్తిరాజు గారూ?" అన్నాడు. పంక్తంతా గొల్లుమంది. ఆయన తల ఎత్తలేదు. విస్తట్లో కూరంతా తినేసి లేచారు. మాణిక్యమ్మ గారు వెనకాలే వెళ్లి, చెయ్యి కడుక్కునే చోట, "తప్పు నాదండి బాబాయ్ గారూ, రుచి చూడకుండా వండించేను" అన్నారు. "ఆయ్, పర్వాలేదండి" అని ఆయన సైకిలెక్కేశారు. మావైపు పర్వాలేదన్నాక మళ్లీ కదిలించడం మర్యాద కాదు.

ఆయన మళ్లీ రాలేదు. చూసి చూసి ఆవిడే నగరం వెళ్లారు, నన్ను తోడు తీసుకుని. ఆయన ఎంతో ఆదరంగా కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చారు. "ఈ ఏడు బీర పెట్టలేదండి" అన్నారు. ఆయన వెనకే పందిరి నిండా పసుపుపచ్చటి బీరపూలు. ముగ్గురం అటు చూడలేదు. తిరిగి బస్సులో వస్తుంటే ఆవిడ అన్నారు: "పదిమందిలో పోయిన పేరు పదిమందిలోనే తిరిగివ్వాలమ్మా. నేను చాటుగా ఇచ్చేను."

ఆ తర్వాత ఆవిడ ఎవరి పేరూ చెప్పలేదు. పంక్తిలో కూర్చోమని రైతుల్ని పిలవడానికీ నోరు రాలేదు. క్రమంగా వాళ్లు తగ్గారు, బజారు కూరలు వచ్చాయి. అందరి హోటళ్లలాగే అదీ ఒక హోటలయింది. రెండువేలు దాటాక మూతపడింది. ఎంత మంచి పని, ఎంత చిన్న మొహమాటానికి పోయిందో!

ఇప్పుడు అమలాపురంలో నాకో కర్రీ పాయింటుంది. మొన్న సాంబారులో ఉప్పెక్కువైందని నలుగురూ మా వంటావిడ మీద పడ్డారు. వేసింది నేను. వాళ్లు కదలకముందే, ఆవిడ వింటుండగా, ఉప్పు వేసింది నేనని గట్టిగా చెప్పాను. "పర్లేదండి" అందావిడ, కళ్లు తుడుచుకుంటూ. ఇంత చిన్న మాట ఆ రోజు పంక్తిలో అనడానికి మాణిక్యమ్మ గారికి నోరు రాలేదు. పక్కనే గరిటె పట్టుకుని ఉన్న నాకూ రాలేదు.