బోర్డు కింద కుడి మూల

నాకు రాయడం సరిగా రాదు. నాలుగో తరగతి దాకే చదివాను. ఒత్తులు తప్పితే ఏమీ అనుకోకండి. పదకొండేళ్లుగా ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే బస్సులో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునేవాణ్ణి, బోర్డులు చూడటానికి. ఆ దారిలో షాపుల బోర్డులు సగం నాకు పని నేర్పిన ఉస్తాద్ మౌలా రాసినవే. ఆయన తలకట్టు పెడితే చిలక ముక్కులా వంగేది. ఆయన గీస్తే నేను రంగు నింపేవాణ్ణి. పని అయ్యాక కింద కుడి మూలన చిన్నగా తన పేరు రాసుకునేవాడు. మా పనిలో రాసినవాడికి మిగిలేది అదే.

ఫ్లెక్సీలు వచ్చి పని పోయింది. ఉస్తాద్ కళ్లకు పొర కమ్మింది. అప్పుడే హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. బస్సులోంచి తీసిన ఫొటోలు చూపించి, ఈ బోర్డులు ఎవరు రాశారు, మా హోటల్ గోడలన్నీ అతనితోనే రాయించాలి అన్నాడు.

నేనే అన్నాను.

ఎందుకన్నాను? ఆశా? ఇన్నేళ్లు రంగు నింపిన చేతికి కూడా ఒక పేరు ఉండాలనా? ఇప్పటికీ తెలియదు. రేపు ఆ బోర్డుల దగ్గరికి పోయి చూద్దాం అన్నాడాయన. మూలన ఉస్తాద్ పేరు చూస్తే నా అబద్ధం బయటపడుతుంది. తెల్లవారుతూనే సైకిల్ మీద పోయి, ఆ ఫొటోల్లోని ఆరు బోర్డుల మీద ఉస్తాద్ పేరుకు రంగు కొట్టి నా పేరు రాశాను. పని నాకే దొరికింది.

తర్వాత ఉస్తాద్‌ను కళ్ల దవాఖానాకు తీసుకుపోయాను. ఇక చూపు రాదన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా మోచెయ్యి పట్టుకుని అడిగాడు.

"సైకిల్ షాపు బోర్డు వచ్చిందారా?"

"వచ్చింది ఉస్తాద్."

"మూలకు నా పేరు గట్లనే ఉందా, వానకు పోయిందా?"

"ఉంది."

"ఇగ చాలు తియ్. గా ఫ్లెక్సీ మిషన్‌కు పేరెక్కడిది?"

నవ్వాడు. ఆరు బోర్డులకూ ఆరుసార్లు అడిగాడు. ఆరుసార్లూ ఉంది అన్నాను.

ఆ ఎండాకాలమే ఆయన పోయాడు.

మళ్లీ ఆయన పేరు రాయొచ్చు కదా అంటారేమో. పోయాను. అప్పటికి మిగతావాటి చోట ఫ్లెక్సీలు వచ్చి ఒక్క బోర్డే మిగిలింది. నా పేరు మీద రంగు కొట్టి, మౌ అని రాశాను. ఆ వంపు నా చేతికి రాలేదు. అదీ చెరిపేశాను. ఇప్పుడు ఆ మూల ఖాళీగా ఉంది. బస్సెక్కితే అవతలి పక్కన కూర్చుంటాను, అయినా మెడ అటే తిరుగుతుంది.

ఈ కాగితం కింద నా పేరు రాయడం లేదు. పైన ఆయన పేరు మాత్రం రాశాను. రాతలో తప్పులుంటే మన్నించండి. మిగతాది మన్నించమని అడగడం లేదు.