బాబాయ్ గారి జామచెట్టూ, నా బుల్లి ట్రాక్టరూ

ముందు టీ తాగండి, చల్లారిపోతుంది. ట్రాక్టరు ఊసెత్తితే నేను బాధపడతానని మా వారు మీ అందరికీ ఫోన్ చేసి మరీ చెప్పారట కదా! అందుకేనా, వచ్చిన దగ్గర్నుంచీ అందరూ చలి గురించీ, ఉల్లిపాయల గురించీ మాట్లాడుకుంటున్నారు? పర్లేదు. నేనే చెప్తాను. మీరు బయట విన్నదాంట్లో గేదె చచ్చిపోయిందన్న ముక్క మాత్రం అబద్ధం. గేదెకేం కాలేదు. మిగతాదంతా నిజమే, నా ఖర్మ కొద్దీ.

నేను టైలర్ని కదా. కుట్టుమిషన్ పాడైతే ఏనాడూ మెకానిక్‌ని పిలవలేదు. విప్పుకోవడం, తుడుచుకోవడం, నూనె వేసుకోవడం, మళ్లీ బిగించుకోవడం అన్నీ నేనే. అదే నా కొంప ముంచింది. కుట్టుమిషన్ వచ్చినదానికి ట్రాక్టరు రాదా అనుకున్నా!

పోయినేడు ఎండాకాలంలో తణుకు దగ్గర ఓ చెరుకు రైతు ఇంటికి పెళ్లి జాకెట్లు ఇవ్వడానికి వెళ్లాను. వాళ్ల పాకలో ఓ మూల కనపడింది. బుల్లి ట్రాక్టరు! మామూలు ట్రాక్టరు పక్కన నిలబెడితే ఆవు పక్కన దూడలా ఉంటుంది. ఏ కాలం నాటిదో, ఒకటే సిలిండరు. ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే గానీ స్టార్టవ్వదు. సీటు కింద కోడి గుడ్లు పెట్టుకుంటోంది. "పాత ఇనుముకి వేసేద్దామనుకుంటున్నాం అమ్మా" అన్నాడు రైతు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఎవరో తోటలో ముద్దుగా వాడుకున్న బండి అది. ముక్కలు చేస్తారా?

సాయంత్రానికి ఆటో ట్రాలీలో మా ఇంటికొచ్చింది.

మా వారు లెక్కల మాస్టారు. గేటు దగ్గర నిలబడి దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"జాకెట్లిచ్చి రమ్మంటే ట్రాక్టరు తెచ్చావేంటి సరోజా?"

"వెనకాల అరెకరం పెరడుందిగా అండీ. ఎన్నాళ్లని కూలీల్ని బతిమాలతాం?"

"ఇది నడుస్తుందా?"

"నడిపిస్తాగా!"

ఆ ఎండాకాలమంతా రేకుల షెడ్డు కింద దాంతోనే నా కాపురం. ఆ పార్టు విప్పి కిరసనాయిల్లో కడగడం, ఈ పార్టు విప్పి తుప్పు గీకడం. బ్లౌజులు కుట్టించుకునేవాళ్లొచ్చి "మా జాకెట్ ఏదండీ" అంటే చేతికి గ్రీజుందని కాసేపు ఆగమనేదాన్ని. అప్పుడు పరిచయమయ్యారు వీర్రాజు గారు. పరిచయమంటే, పక్కింటాయనే. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కానీ అంతకుముందు పలకరింపులే తప్ప మాటల్లేవు. ట్రాక్టరు చప్పుడు విని గోడ మీంచి తొంగిచూశారు. మర్నాటి నుంచి రోజూ సాయంత్రం స్టూలు తెచ్చుకుని షెడ్డులో కూర్చునేవారు. నేను బాబాయ్ గారూ అనేదాన్ని, ఆయన అమ్మాయ్ అనేవారు. వీధి వీధంతా నన్ను చూసి నవ్వుకున్నా ఆయనొక్కరే నవ్వలేదు. మొదటిసారి ఇంజను డుగ్ డుగ్ డుగ్‌మని అందుకున్న రోజున లేచి నిలబడి, బానెట్ మీద టపటపా కొట్టి "రైట్, రైట్!" అని అరిచారు. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. పొగకి అనుకున్నారు మా వారు.

వానాకాలంలో పని లేదు. మన నల్లమట్టి సంగతి తెలుసుగా, చెప్పులేసుకుని నడిస్తేనే ఊడొస్తాయి. టార్పాలిన్ కప్పి ఉంచి, పొద్దున్నే ఒకసారి స్టార్ట్ చేసి చప్పుడు వినేసి ఆపేసేదాన్ని. అదో ఆనందం. దీపావళి వెళ్లాక నేల కాస్త గట్టిపడింది. బంతికీ, వంగకీ, టమాటాకీ పెరడంతా నేనే దున్నుకున్నా. వెనకాల మట్టి తిరగబడి వాసనొస్తుంటే, కొంగలు బండి వెనకాలే పురుగులేరుకుంటూ వస్తుంటే... అబ్బ! మహారాణీనైపోయినట్టుండేది నాకు.

సరిగ్గా అక్కడే బుద్ధి గడ్డి తింది.

ఓ రోజు దున్నేటప్పుడు క్లచ్ పెడల్ రాడ్డుకుండే చిన్న పిన్ను ఎక్కడో మట్టిలో పడిపోయింది. రాడ్డు జారిపోకుండా ఆపేది అదే. రాజమండ్రి వెళ్లి తెచ్చుకోవాలి. అప్పటిదాకా అని, తలలోంచి హెయిర్‌పిన్ను తీసి మెలిపెట్టి పెట్టేశా. బ్రహ్మాండంగా పనిచేసింది. ఇక రాజమండ్రి ఎందుకు?

ఇప్పుడు జామచెట్టు సంగతి. వీర్రాజు బాబాయ్ గారి పెరట్లో పంపు పక్కన, ఎవరూ వెయ్యకుండా దానంతటదే మొలిచిన జామమొక్క ఒకటుంది. ఆయన దాన్ని పెంచి పెద్ద చేశారు. నిలువెత్తు పైన ఇంకో మూర ఉండేది, మాను నా ముంజేయంత. కాయ కోస్తే లోపల గులాబీ రంగు. గింజలు వెతుక్కోవాలి! పళ్లు లేనివాళ్లు కూడా తినొచ్చు. కడియం నర్సరీల వాళ్లకి ఎన్నిసార్లు చెప్పినా "విత్తనం మొక్కేగా అండీ" అని తీసిపారేశారట. ఆఖరికి ఆ కార్తీకంలో ఇద్దరు నర్సరీ వాళ్లు ఆదివారం వచ్చి చూస్తామన్నారు. నచ్చితే ఆ చెట్టు నుంచి అంట్లు కడతారు. ఆయన ఆనందం చూడాలి! చిలకలు కొట్టకుండా ప్రతి కాయకీ గుడ్డముక్క కట్టుకున్నారు. ఆ ముక్కలిచ్చింది నేనే, మా షాపు కత్తిరింపులు. రంగురంగులుగా చెట్టుకి జాకెట్లు తొడిగినట్టుండేది.

శనివారం పొద్దున ఆయన పెరట్లో గడ్డి చెక్కించడానికి మనుషుల్ని మాట్లాడుకుంటుంటే విన్నాను. గోడ మీంచి అన్నా, "ఎందుకు బాబాయ్ గారూ, నేను దున్ని చదును చేసి పెడతాగా!"

"వద్దమ్మాయ్. ఇరుకు పెరడు. పారలతో చేయిస్తాలే."

"ఇరుకైతే ఏంటండీ, నాది బుల్లి ట్రాక్టరేగా!"

ఆయన రెండోసారి కూడా వద్దన్నారు. మొహమాటానికి అంటున్నారనుకున్నా. నిజం చెప్పొద్దూ, నర్సరీ వాళ్లొచ్చి "ఎవరండీ ఇంత బాగా దున్నింది?" అని అడిగితే బాగుంటుందని నాకో ఆశ.

మా వారు టిఫిన్ తింటూ అడిగారు, "ఆ పిన్ను మార్చావా?"

"మార్చా" అన్నా. అదీ నిజమేగా! ఒక హెయిర్‌పిన్ను వంగిపోతే ఇంకోటి పెట్టా.

గేటు తీసి పక్కింటి పెరట్లోకి తీసుకెళ్లా. బండి వచ్చేశాక ఇక కాదనలేక, బాబాయ్ గారు కాఫీ గ్లాసుతో అరుగు మీద నిలబడి "రైట్, రైట్" అన్నారు. మొదటి సాలు బ్రహ్మాండం. రెండో సాలు ఇంకా బాగా వచ్చింది. చివర్లో తిప్పుదామని క్లచ్ తొక్కా. కాలు దబ్బుమని కిందదాకా వెళ్లిపోయింది. పెడల్ ఊగుతోంది, బండి మాత్రం పోతోంది! బ్రేకు తొక్కా. ఆ బ్రేకు సంగతి మీకెందుకు చెప్పడం, ఎండాకాలంలో "తర్వాత చూద్దాం" అని వదిలేసింది. తాళం తిప్పేశా. డీజిల్ ఇంజను కదా, తాళం తిప్పితే లైటు ఆరుతుంది గానీ ఇంజను ఆగదు. దాన్నాపడానికి వేరే నాబు ఉంటుంది, లాగాలి. లాగా. నాబూ దాని వెనకాల తీగా మొత్తం నా చేతిలోకి వచ్చేశాయి.

గేరు న్యూట్రల్ చెయ్యొచ్చుగా అంటారు. ఆ సలహా అప్పట్నుంచి ఊళ్లో ప్రతివాళ్లూ ఇచ్చారు. నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రావాలిగా!

ఎడం పక్క కట్టేసిన గేదె. కుడి పక్క తులసికోట, అందులోనూ కార్తీకమాసం, పొద్దుటి దీపం ఇంకా వెలుగుతోంది. నేను "బాబాయ్ గారూ, ఆగట్లేదండీ!" అని కేక. ఆయన గ్లాసు పారేసి, పంచె ఎగ్గట్టుకుని నా పక్కనే పరిగెడుతూ "హోల్డాన్! హోల్డాన్!" అని అరుపులు. బస్సయితే ఆగేది. లోపల్నుంచి వాళ్లావిడ మహలక్ష్మి పిన్ని గారు బయటికొచ్చి "ఓరి దేవుడా, నా గేదె!" అన్నారు. ఆ కేకకి గేదె కంగారుపడి తాడు లాక్కుంటే, నేను స్టీరింగు కుడికి తిప్పా. తులసికోట కనపడింది. మళ్లీ ఎడమకి తిప్పా. ఆ పాత స్టీరింగు సగం తిప్పాక గానీ చక్రాలకి తెలీదు. ఈ లోపు బండి మధ్యలోంచి తిన్నగా పంపు వైపు వెళ్లిపోయింది.

ఫెళ్లున ఒక చప్పుడు. చెట్టు మొదలు దగ్గర విరిగి పడింది. దాని మీదికెక్కి ట్రాక్టరు టక్కుమని ఆగిపోయింది. అంతసేపూ ఆగనిది!

గుడ్డలు కట్టిన కాయలు దున్నిన సాలులో దొర్లుతున్నాయి. నేను నాబు చేత్తో పట్టుకుని సీటు మీదే కూర్చున్నా. బాబాయ్ గారు ఆయాసపడుతూ వచ్చారు. చెట్టు వైపు చూడలేదు. నన్ను చూసి, "నీకేం తగల్లేదు కదా అమ్మాయ్?" అన్నారు.

తిట్టుంటే బాగుండేది.

తిట్టే పని పిన్ని గారు చూసుకున్నారు లెండి. "బిడ్డని పెంచినట్టు పెంచారు! వద్దంటే వినవేంటమ్మా? వద్దంటే తెలుగులోనే కదా చెప్పింది?" అంటూ ఏడ్చేశారు. నేనూ ఏడ్చా. బాబాయ్ గారు మాత్రం తువ్వాలు పరిచి, ఒక్కో కాయా ఏరి, గుడ్డ విప్పి, మట్టి తుడిచి అందులో పెట్టుకుంటూ కూర్చున్నారు. సాయం చేద్దామని వంగితే, "నువ్వింటికెళ్లమ్మాయ్" అన్నారు. మెల్లిగానే అన్నారు.

ఆదివారం నర్సరీ వాళ్లు రానే వచ్చారు. నేను గోడ ఇవతల నిలబడి విన్నా. బాబాయ్ గారు పళ్లెంలో కాయలు కోసి పెట్టారు. "ఆయ్! గింజే లేదండీ. తేనేనండీ బాబూ" అన్నాడొకాయన. రెండో ఆయన నోట్లో ముక్క పెట్టుకుని చుట్టూ చూసి, "ఇంతకీ చెట్టేదండీ?" అన్నాడు.

నేనెళ్లి వంటింట్లో కూర్చున్నా.

ఆ రెండో ఆయనే మొదలు చూసి "కంగారు పడకండి, జామ మొండిది, చిగురేస్తుంది" అన్నాడట. ఓదార్పు మాట అనుకున్నాం అందరం. బాబాయ్ గారు షెడ్డుకి రావడం మానేశారు. ఎదురుపడితే తలూపేవారు, అంతే. నేను రాజమండ్రి వెళ్లి అసలు పిన్ను తెచ్చా, నాబు బిగించా, బ్రేకులు చేయించా. అన్నీ సరిగ్గా ఉన్నాయి. స్టార్ట్ చెయ్యబుద్ధి కాలేదు. డుగ్ డుగ్‌మంటే గోడవతల ఆయనకి వినపడుతుందిగా. పెరడు మళ్లీ కూలీలతోనే. కొంగలు కూడా రాలేదు.

శివరాత్రి దాటాక ఒక పొద్దున పిన్ని గారే గోడ దగ్గరికొచ్చి "ఇలా రా" అన్నారు. భయపడుతూ వెళ్లా. మొదలు చుట్టూ ఎర్రటి చిగుళ్లు, గుబురుగా! బాబాయ్ గారు గొంతుక్కూర్చుని వాటి మొదళ్లకి మట్టి ఎగదోస్తున్నారు. నర్సరీ ఆయన చెప్పాడట, కొమ్మలకి అలా మట్టి ఎక్కిస్తే వానల్లో వేళ్లు దిగుతాయి, ఒక్కోటీ ఒక్కో మొక్క అవుతుందని. నేను పక్కన కూర్చుని మట్టి అందించా. ఆయన వద్దనలేదు. చాలాసేపయ్యాక, "పిన్ను మార్చావా?" అని అడిగారు.

"మార్చానండీ. నిజంగానే."

"ఊఁ" అన్నారు.

అలాగని పోయినవన్నీ వెనక్కి రావు. ఈ కార్తీకంలో ఆయనకి ఒక్క కాయ లేదు. ఈ మొక్కలు కాపుకొచ్చేసరికి ఇంకా చాలా కాలం పడుతుంది. ఆయన వయసు తలుచుకుంటే నాకు అన్నం సయించదు. అప్పుడప్పుడు సాయంత్రం స్టూలు తెచ్చుకుంటున్నారు గానీ "రైట్, రైట్" మాత్రం ఇంకా అనలేదు.

మొన్న ఆదివారం మొక్కలు వేరుచేసి నర్సరీ వాళ్లకిచ్చారు, చుట్టాలకిచ్చారు. నాకివ్వరని తెలుసు, అడగనూ లేదు. చివర్లో ఓ కవర్లో మొక్క పెట్టుకుని వచ్చి నా చేతికిచ్చారు. రెండు చేతులా పట్టుకున్నా.

"పెరట్లో పెట్టకు. కుండీలో వేసి మేడ మీద పెట్టుకో. నీ ట్రాక్టరు మెట్లెక్కలేదుగా" అన్నారు.

సరేనండీ అన్నా. ఆయన వెళ్లాక ఎందుకైనా మంచిదని టేపు తెచ్చి మెట్ల వెడల్పు కొలిచి చూసుకున్నా. పర్లేదు. పట్టదు.