మధ్య సీటు మీద నాయన తువ్వాలు

దయ్యాలంటే నవ్వేసే రకం నేను. కళ్యాణదుర్గంలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇది రాయాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

తమ్ముడు లారీలో చీనీకాయలు, అదే బత్తాయిలు, వేసుకుని ఢిల్లీ వెళ్లాడు. ఢిల్లీ చేరబోతుండగా ప్రమాదం. స్పృహ లేదు, వెంటనే రండి అని క్లీనరు ఫోన్ చేశాడు. నాయన, నేను బెంగళూరు వెళ్లి విమానం ఎక్కాం. వాడు దక్కుతాడా లేదా అన్న భయం తప్ప నా తలలో ఇంకేమీ లేదు.

చిన్న విమానం. మధ్యలో ఒకటే నడవ, అటు మూడు సీట్లు, ఇటు మూడు. నాయన కిటికీ దగ్గర, నేను నడవ పక్కన. మధ్య సీటుకు ఎవరూ రాలేదు. నాయన భుజం మీది తువ్వాలు తీసి దాని మీద వేశాడు. మా బస్సుల్లో సీటు ఆపాలంటే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం కదా, అదే అలవాటు.

"ఇది బస్సు కాదు నాయనా" అన్నాను.

"ఉండనీమ్మా. తమ్ముడు కూర్చుంటాడు."

నాకు ఏడుపొచ్చింది.

దారిలో విమానం గట్టిగా కుదిపింది. "రెక్క ఊగుతాండాది చూడు, విరిగిపోతాదేమో" అన్నాడు నాయన. గాలికి వంగేలాగే దాన్ని తయారు చేస్తారని చెప్పాను. పాఠం బాగానే చెప్పాను కానీ నా బెల్టు ఇంకోసారి బిగించుకున్నాను.

అప్పుడే ఎయిర్ హోస్టెస్ వచ్చి, మధ్య సీట్లో నిద్రపోతున్న అతనికి బెల్టు పెట్టమని నాతో చెప్పి ముందుకు వెళ్లిపోయింది.

తువ్వాలు చూసి పొరబడిందనుకుని దాన్ని జరిపాను. కింద సీటు వెచ్చగా ఉంది, అప్పుడే మనిషి లేచినట్టు. ఎండ మా వైపు లేదు. నాయన ఖాళీ సీటుకు బెల్టు పెట్టేశాడు.

విమానం ఆగగానే ఆస్పత్రికి పరుగెత్తాం. తమ్ముడు కళ్లు తెరిచి ఉన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. వాడు పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు. మేం ఎలా వచ్చామో వాడికి ఎవరూ చెప్పలేదు. క్లీనరును బయటికి పిలిచి మరీ అడిగాను, తను కూడా చెప్పలేదన్నాడు.

తమ్ముడు మమ్మల్ని చూసి అన్న మొదటి మాట ఇది: "నన్ను లేపకుండానే ఏమిటికి దిగేస్తిరి నాయనా?"

మందుల మత్తు అన్నారు డాక్టరు. అయ్యుండొచ్చు. మరి ఆ సీటు వెచ్చదనం? నాకిప్పటికీ తెలియదు.

వాడిప్పుడు బాగానే ఉన్నాడు, మళ్లీ లారీ తోలుతున్నాడు. కానీ ఇంట్లో ఎప్పుడు పడుకుని లేచినా మొదట "దిగినామా అక్కా?" అని అడుగుతాడు.

దిగినామురా, అంటాను. ఆ సీట్లోంచి వాడు నిజంగా దిగాడో లేదో నాకే తెలియదు, ఆ ఒక్క మాట గట్టిగా చెప్పడానికి మాత్రం నాకింకా ధైర్యం చాలడం లేదు.