సెనెగల్ ఆటగాడి ఎడమ చీలమండ

1993వ సంవత్సరం, నవంబరు నెల. సౌదీ తూర్పు తీరాన జుబైల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను ఫిజియోథెరపిస్టుగా చేరి అప్పటికి నాలుగేళ్లు దాటింది. మా విభాగం కింది అంతస్తులో, ఎక్స్‌రే గది పక్కన ఉండేది. నాలుగు మంచాలు, నొప్పి తగ్గించడానికి పెట్టే ఒక అల్ట్రాసౌండ్ యంత్రం, పట్టుకుని నడక నేర్చుకునే ప్యారలల్ బార్లు, గోడకు నిలువెత్తు అద్దం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీల వెల్డర్లు, ఫిట్టర్లు. ప్లాంటు ఆపేసి మరమ్మతులు చేసే షట్‌డౌన్ రోజుల్లో నడుములు పట్టేసినవాళ్లతో గది కిటకిటలాడేది.

గల్ఫ్ యుద్ధం నడిచిన 1991 చలికాలంలో మాత్రం ఆ గది ఖాళీగా ఉంది. సైరన్ మోగితే గ్యాస్ మాస్కులు తగిలించుకుని కారిడార్లో గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. స్టాఫ్‌లో సగం మంది ఊళ్లకు వెళ్లిపోయారు. నేను కరీంనగర్ వెళ్లకుండా ఉండిపోవడానికి కారణం ధైర్యం కాదు. నా పాస్‌పోర్టు పర్సనెల్ మేనేజర్ అల్మారాలో ఉంది, ఆ అల్మారా తాళంచెవితో ఆయన రియాద్‌లో ఉన్నాడు. యుద్ధం ముగిసి, ఊరు మెల్లగా మామూలైంది. మళ్లీ మైదానాల్లో లైట్లు వెలిగాయి. ఫుట్‌బాల్ క్లబ్బులు బయటి దేశాల ఆటగాళ్లను తెచ్చుకోవడం మొదలుపెట్టాయి. మా ఊరికి దగ్గర్లోని ఒక చిన్న క్లబ్బు తన ఆటగాళ్ల వైద్యం మా ఆసుపత్రికి అప్పగించింది. అలా నా దగ్గరికి వచ్చినవాడు అలియూన్.

ఆరడుగుల పైన రెండంగుళాలు ఉంటాడు. వయసు ముప్పై ఒకటి. సెనెగల్ మనిషి, వింగర్. అంటే మైదానం అంచు వెంట బంతితో దూసుకుపోయేవాడు. వింగర్‌కు వేగమే బతుకు. అలియూన్‌కు కుడి హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, ఆ సీజన్‌లో మూడోసారి పట్టేసింది. రెండుసార్లు విశ్రాంతి, మాత్రలు, ఐసు అయ్యాయి. మైదానంలోకి దిగిన పది రోజులకే మళ్లీ పట్టేసింది.

అతనికి ఫ్రెంచి వచ్చు, మదరసాలో నేర్చుకున్న అరబీ వచ్చు, ఇంగ్లీషు కొంచెం వచ్చు. నాకు ఇంగ్లీషు, హిందీ, ఆసుపత్రి అరబీ. ఈ అన్నింటినీ కలిపి మేము ఒక భాష చేసుకున్నాం. అతను నన్ను డాక్టర్ అని పిలిచాడు. నేను డాక్టర్ని కాదని, ఫిజియోథెరపిస్టునని చెప్పాను. ఆ తేడా తన తొడకు తెలియదని నవ్వాడు.

క్లబ్బు మేనేజర్ అబూ ఫహద్ మాత్రం నవ్వే స్థితిలో లేడు. మంచి మనిషే, కానీ పైన కమిటీకి జవాబు చెప్పుకోవాలి. నా గదికి వచ్చి కూర్చుని, టీ కూడా తాగకుండా విషయం చెప్పాడు. జనవరిలో ఇంకో ఆటగాడిని తెచ్చుకునే వీలుంది. అలియూన్ పనికిరాడంటే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇంటికి పంపేస్తారు. పనికొస్తాడంటే ఉంచుకుంటారు. నా రిపోర్టు కావాలి. ఎనిమిది వారాలు గడువడిగాను. ఆరు ఇచ్చాడు.

మొదటి రెండు వారాలు నేను పుస్తకం ప్రకారమే నడిచాను. అల్ట్రాసౌండ్ పెట్టాను, కండరాన్ని సాగదీశాను, బలం పెంచే వ్యాయామాలు చేయించాను. మంచం మీద పడుకున్నప్పుడు అంతా బాగుండేది. లేచి పరిగెత్తితే ఆ తొడ మళ్లీ బిగుసుకునేది. నేను చేస్తున్న పనిలో ఎక్కడ లోపముందో నాకు అంతుపట్టలేదు.

ఆ రోజుల్లోనే ప్యారలల్ బార్ల చెక్క అడుగు వదులైతే బాగుచేయడానికి నర్సయ్య వచ్చాడు. నర్సయ్యది జగిత్యాల దగ్గర పల్లె, ఆసుపత్రి మెయింటెనెన్స్‌లో వడ్రంగి, నాకంటే పదేళ్లు పెద్ద. తన పని చేసుకుంటూనే అలియూన్ అద్దం ముందు అటూ ఇటూ నడవడం చాలాసేపు చూశాడు. అలియూన్ వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక మాటంటె ఏమనుకోరు గదా."

"చెప్పు నర్సయ్యా."

"మీరు కుడి తొడకు వైద్యం జేస్తున్నరు. ఆయనకు తేడా ఎడమ పాదంల ఉన్నది. మడమ పూరా ఆనకముందే లేస్తున్నది. మంచానికి ఒక కోడు పొట్టిగుంటె ఇరిగేది ఆ కోడు గాదు సార్, అవతలిది."

నాకు సిగ్గేసింది. నడకను పరిశీలించడం నా చదువులో మొదటి సంవత్సరం పాఠం. మొదటి రోజు నేనూ అతన్ని నడిపించి చూశాను. కానీ నొప్పి ఎక్కడని అడిగితే కుడి తొడ చూపించాడు కాబట్టి నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

మర్నాడు అలియూన్‌ను రెండు బూట్లూ, మేజోళ్లూ తీసేయమన్నాను. అతను కుడిది తీశాడు. ఎడమది ఎందుకని అడిగాడు. తీయమన్నాను. గోనియోమీటర్, అంటే కీలు ఎంత వంగుతుందో కొలిచే సాధనం, తెచ్చి రెండు చీలమండలూ కొలిచాను. కుడిది మామూలుగా వంగింది. ఎడమది పైకి వంగడం దాదాపు లేనే లేదు. లోపలి వైపు ఒక పాత కుట్ల గీత ఉంది, మేజోడు కిందే దాగిపోయేంత చిన్నది. ఆ కీలు బిగుసుకుపోవడంతో ప్రతి అడుగులో మడమ ముందే లేస్తోంది. ఆ లోటు పూడ్చడానికి కుడికాలు మరీ ముందుకు సాగుతోంది. ఆ భారమంతా కుడి తొడ వెనక కండరం మీద పడుతోంది.

"ఇది ఎప్పటిది?" అన్నాను.

అతను మేజోడు అందుకుని ఆ గీతను కప్పేశాడు. తర్వాత, "ఇది రిపోర్టులో రాస్తారా?" అని అడిగాడు.

మీకు చదివి వినిపించకుండా ఏదీ పంపనని చెప్పాను. అప్పుడు తన కథంతా చెప్పుకొచ్చాడు. డకార్‌లో చేపల రేవు పక్కన ఇసుకలో ఆట మొదలుపెట్టాడు. పంతొమ్మిదో ఏట అబిజాన్‌లోని ఒక క్లబ్బు తీసుకుంది. అక్కడి నుంచి ఫ్రాన్స్‌లో రెండో డివిజన్. ఆ దేశంలో మూడో ఏడు చీలమండ విరిగింది. ఆపరేషన్ చేశారు, ఆరు నెలలు ఆగమన్నారు. జట్టు కింది డివిజన్‌కు జారిపోయే ప్రమాదంలో ఉండటంతో మూడున్నర నెలలకే నొప్పి తెలియకుండా సూది వేయించుకుని దిగాడు. జట్టు గట్టెక్కింది, అతని కీలు మాత్రం సరిగా మానలేదు. ఆ తర్వాత బెల్జియం, మొరాకో, మళ్లీ బెల్జియం. ప్రతి క్లబ్బులోనూ చేర్చుకునే ముందు మెడికల్ పరీక్ష ఉంటుంది. గుంజీలు తీయమంటే మడమ లేచినట్టు కనపడకుండా బరువు కుడివైపు వేసి దిగడం నేర్చుకున్నాడు. ఎవరూ కనిపెట్టలేదు. ఏడేళ్లు అలా గడిచాయి.

"చెబితే నన్ను ఎవరు తీసుకుంటారు డాక్టర్?" అన్నాడు. ఆ మాటలో దాపరికం చేసిన మనిషి అపరాధభావం లేదు. అలసట ఉంది.

చికిత్స మార్చాను. రోజూ గంటసేపు చీలమండను చేతులతో కదిలించి వదులు చేయడం, పిక్కను సాగదీయడం, తర్వాత వాబుల్ బోర్డు. వాబుల్ బోర్డు అంటే అడుగున గుండ్రటి దిమ్మ ఉండే పలక. దాని మీద నిలబడి తూలకుండా కాలిని అదుపు చేసుకోవాలి. మా దగ్గర అది లేదు. కొనమని కాగితం పెడితే నెల పడుతుంది. నర్సయ్య ఒక పూటలో మిగిలిన ప్లైవుడ్‌తో చేసి తెచ్చాడు. ముందు తానే ఎక్కి చూపించబోయి రెండుసార్లు బార్లు పట్టుకున్నాడు. అలియూన్ నవ్వాడు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది. నర్సయ్యకు ఫుట్‌బాల్‌లో ఎన్ని కాళ్లు ఆడతాయో తెలియదు. అయినా డ్యూటీ అయ్యాక వచ్చి, మడమ ఆనిందీ లేనిదీ వడ్రంగి కన్నుతో చూసి చేతితో సైగ చేసేవాడు.

నాలుగో వారంలో ఒకరోజు నాకొక సందేహం వచ్చి అడిగేశాను. ఇంత తిరిగిన ఆటగాడు, సొంత దేశానికి దగ్గర్లో మొరాకో క్లబ్బులుండగా, పేరులేని ఈ క్లబ్బుకు ఎందుకొచ్చాడని. అతను కాలు చాపుకుని పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

అతని తమ్ముడు సైనికుడు. యుద్ధానికి సెనెగల్ పంపిన దళంలో ఇక్కడికి వచ్చాడు. యుద్ధంలో ఏమీ కాలేదు. యుద్ధం ముగిసిన కొన్ని వారాలకు ఆ సైనికులను ఉమ్రా యాత్ర కోసం మక్కాకు తీసుకెళ్లారు. తిరిగి వస్తుంటే, ఇక్కడికి ఉత్తరాన తీరం దగ్గర విమానం కూలింది. తొంభై మందికి పైగా పోయారు. ఆ వార్త మా ఆసుపత్రిలో మేమూ విన్నాం. కారిడార్లో నిలబడి మాట్లాడుకుని, ఎవరి పనిలో వాళ్లం పడిపోయాం. ఆ తొంభై మందిలో ఒకరి అన్న రెండున్నరేళ్ల తర్వాత నా మంచం మీద పడుకుని ఉన్నాడు.

ఏజెంటు జుబైల్ పేరు చెప్పగానే మ్యాపులో చూసుకుని సంతకం పెట్టేశానన్నాడు. వచ్చి నాలుగు నెలలైనా విమానం కూలిన చోటికి వెళ్లలేదట.

"వాడు నన్ను ఎప్పుడూ ఆడుతుండగానే చూశాడు. కుంటుకుంటూ వెళ్లి వాడి దగ్గర ఎలా నిలబడను?" అన్నాడు.

అతని కాలు నా చేతుల్లో ఉంది. చేస్తున్న పని చేస్తూనే ఉన్నాను.

ఆరో వారం రిపోర్టు రాయాల్సి వచ్చింది. తొడ కండరం చిరిగిపోలేదు. ఎడమ చీలమండ సగానికి పైగా వదులైంది కానీ పూర్తిగా రాదు, ఇక ఎప్పటికీ రాదు. తొంభై నిమిషాలూ అంచు వెంట పరిగెత్తించే ఆట ఆడిస్తే నాలుగోసారీ పట్టేస్తుంది. నిలకడగా కదిలే స్థానంలో ఆడగలడు. ఇదే రాశాను. పాత ఫ్రాక్చర్ సంగతి కూడా రాశాను. ముందు అతనికి చదివి వినిపించాను. ఫ్రాక్చర్ అన్నచోట ఆపమన్నాడు. కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చున్నాడు. ఏడేళ్లుగా మోస్తున్నాను, ఇక పంపండి అన్నాడు.

అబూ ఫహద్ రిపోర్టు చదివి, వింగర్‌గా పరిగెత్తలేని వింగర్‌తో తనకేం పని అని అడిగాడు. ఆ ప్రశ్న కోచ్‌ను అడగమన్నాను. కోచ్ ట్యునీసియా దేశస్థుడు, తక్కువ మాటల మనిషి. ఆ సాయంత్రమే మైదానానికి రమ్మన్నాడు. అలియూన్‌ను స్వీపర్‌గా, అంటే రక్షణ వరుసకు వెనక, గోల్‌కీపర్‌కు ముందు నిలబడే ఆఖరి మనిషిగా, ప్రాక్టీసు ఆటలో దింపాడు. నేనూ నర్సయ్యా కంచె పక్కన నిలబడ్డాం.

మొదటి పావుగంట అతను తప్పులే చేశాడు. పాత అలవాటుతో ముందుకు వెళ్లిపోతుంటే కోచ్ ఫ్రెంచిలో కేకేసి వెనక్కి పిలిచాడు. తర్వాత మెల్లగా మార్పు కనిపించింది. బంతి రాబోయే చోటు అతనికి ముందే తెలుస్తోంది. పన్నెండేళ్లు ఇలాంటి స్వీపర్లను దాటడమే అతని పని కదా. వాళ్లు ఎక్కడ మోసపోతారో అతనికి తెలుసు. పరిగెత్తాల్సిన చోట నాలుగడుగులతో సరిపెడుతున్నాడు. ముందున్న కుర్రాళ్లకు అరబీలో ఎటు జరగాలో చెబుతున్నాడు. ఆట ముగిశాక కోచ్ మేనేజర్‌తో, "ఇతను వెనకనుంటే నేను కేకలు వేయక్కర్లేదు" అన్నాడు. అబూ ఫహద్ ఎగ్జిట్ కాగితాన్ని ఫైల్లోంచి తీసి చింపలేదు. ఫైలు మూసి డ్రాయర్లో పెట్టాడు. అప్పటికి అది చాలు.

జనవరి చివర్లో మొదటి మ్యాచ్ ఆడాడు. జట్టు గెలవలేదు, ఓడనూ లేదు. తొంభై నిమిషాలూ మైదానంలో ఉన్నాడు. తొడ పట్టేయలేదు. ఆ వారాంతం నా కారులో ముగ్గురం ఖఫ్జీ దారిన ఉత్తరానికి వెళ్లాం. దారంతా అతను తమ్ముడి సంగతులు చెబుతూనే ఉన్నాడు. చిన్నప్పుడు తన బూట్లు దొంగిలించి వేసుకున్నాడని, అవి పెద్దవైతే లోపల గుడ్డలు కుక్కుకున్నాడని. విమానం కూలిన చోటు సైన్యం అధీనంలో ఉంది, లోపలికి వెళ్లనివ్వరు. రోడ్డు పక్కన, ముళ్లపొదలున్న ఇసుకలో కారు ఆపాను. అలియూన్ బూట్లు విడిచి, కొంచెం దూరం నడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేనూ నర్సయ్యా కారు పక్కన తలలు వంచుకుని ఉన్నాం. తిరిగొస్తున్నప్పుడు అతని మడమలు రెండూ ఇసుకలో సమంగా దిగుతుండటం చూశాను. నర్సయ్య కూడా అదే చూస్తున్నాడని అతని ముఖం చెప్పింది.

ఆ వసంతంలో అలియూన్ మక్కా వెళ్లి తన కోసం ఒకసారి, తమ్ముడి పేరున ఒకసారి ఉమ్రా చేసి వచ్చాడు. ఆ క్లబ్బులో ఇంకో రెండు సీజన్లు ఆడాడు. తర్వాత సెనెగల్ వెళ్లి కోచ్ అయ్యాడు. ఏడాదికి ఒకసారి ఫోన్ చేసేవాడు. కొత్తగా వచ్చే ఆటగాళ్లతో ముందు బూట్లు విప్పిస్తున్నానని చెప్పి నవ్వేవాడు.

ఈ కేసు నా పని తీరును మార్చింది. మా కేస్ షీటులో నొప్పి ఎక్కడ అని ఒక గడి ఉంటుంది. దాని వెనక నా చేత్తో ఇంకో ప్రశ్న రాసుకోవడం మొదలుపెట్టాను: ఇంతకుముందు ఎక్కడెక్కడ పనిచేశారు, ఎవరికీ చెప్పని దెబ్బ ఏదైనా ఉందా? ఫుట్‌బాల్ ఆటగాడికి ఉన్న భయమే వెల్డర్‌కూ ఉంటుంది. దెబ్బ సంగతి తెలిస్తే కంపెనీ ఇంటికి పంపేస్తుందని. అందుకే నేను రాసింది వాళ్లకు చదివి వినిపించాకే బయటికి వెళ్తుందని ముందు చెబుతాను. తర్వాతే ప్రశ్న అడుగుతాను.

మొదటిసారి అలా అడిగింది నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన స్కఫోల్డర్‌ను, అంటే పరంజాలు కట్టేవాడిని. అంతకుముందు హఫర్ అల్ బాతిన్‌లో పనిచేశాడు. భుజం నొప్పని వచ్చాడు. నా ప్రశ్న విని భుజం మీదినుంచి చెయ్యి తీశాడు. తర్వాత లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, చొక్కా గుండీల జోలికి పోకుండా, ప్యాంటు మోకాలి దాకా మడవడం మొదలుపెట్టాడు.