పాబా ఏ ఊరి బాబా?

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో నేను ఒక్క వైవాలోనే తప్పాను. అడిగినదానికి జవాబు చెప్పకుండా బట్టీపట్టిన జాబితా అంతా అప్పజెప్పాను. మళ్లీ తప్పితే ఏడాది పోతుందని మా సార్ ముందే చెప్పారు.

అందుకని జమ్మికుంటలో మా ఇంటికొచ్చి గది తలుపేసుకున్నాను. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను బ్యాక్టీరియా ఎలా తయారుచేసుకుంటుందో వరుసగా అంకెలు వేసి రాసి, ఆ కాగితాన్ని బీరువాకు అంటించాను. ఏడో అంకె దగ్గర ప్రతిసారీ తడబడేవాణ్ణి. అక్కడ పారా అమైనో బెంజాయిక్ ఆమ్లం వచ్చి కలవాలి. దాని పొట్టి పేరు పాబా. అది కలవకపోతే విటమిన్ లేదు, బ్యాక్టీరియా పెరగదు. పళ్లు తోముతున్నా, అన్నం తింటున్నా "పాబా, పాబా" అనుకుంటూ తిరిగాను.

మూడోరోజు అవ్వ తలుపు తోసుకొని వచ్చింది.

"ఎవడ్రా గా బాబా?"

"ఏ బాబా అవ్వా?"

"దాస్తవేందిరా! లేస్తే బాబా, పండుకుంటే బాబా. బాసర్ల సరస్వతమ్మ ముంగట అచ్చరాలు దిద్దిపిస్తిమి, గామె సాలదా నీకు? గడ్డం గూడ గాయనే పెంచమన్నడా?"

"బాబా కాదే, పాబా! యాసిడ్."

"బాత్రూం కడిగే యాసిడా? గదానికి జపం జేస్తున్నవా?"

"గది వేరే, గిది వేరే అవ్వా."

"ఏమో బిడ్డా, నాకు రెండూ ఒక్కతీర్గనే ఇనవడ్డయి."

వైవా కరీంనగర్‌లో. బయటి నుంచి వచ్చిన మేడమ్ అడిగారు: "సల్ఫా మందు బ్యాక్టీరియాను ఎలా ఆపుతుంది?"

"ఒకటి..." అని మొదలుపెట్టాను. మా సార్ తల పట్టుకున్నారు. ఆగిపోయాను. బీరువా మీది కాగితం బదులు తలుపు దగ్గర నిలబడ్డ అవ్వ గుర్తొచ్చింది.

"మేడమ్, మా అవ్వకు పాబా అంటే బాబా అని వినబడ్డది. బ్యాక్టీరియాలో పాబాను కలిపే ఎంజైమ్‌ది కూడా అదే పొరపాటు. సల్ఫా మందు అచ్చం పాబాలాగే కనబడుతుంది. ఎంజైమ్ దాన్ని పట్టుకొని కూర్చుంటే అసలు పాబాకు చోటుండదు. విటమిన్ తయారుకాదు."

"మరి ఆ మందుతో మన విటమిన్ ఎందుకు ఆగదు?"

"మనం తయారుచేసుకోం మేడమ్, పాలకూరలో తింటాం."

ఆమె నవ్వి, పొమ్మన్నారు. సాయంత్రం ఫలితం తెలియగానే ఇంటికి ఫోన్ చేశాను.

"అవ్వా, పాసైన!"

"అయితివా నా తండ్రీ! మరి కొబ్బరికాయ ఎవలకు కొట్టాలె, సరస్వతమ్మకా, నీ బాబాకా?"