సెన్సరుకు సాక పోసిన దసరా

ఆ రోజుల్లో నాకు భయపడటమే ఉద్యోగం. తెలంగాణ వచ్చిన కొత్తలో, కట్టంగూరు దగ్గర ఒక ప్లాంటులో చేరాను. పెండ, కుళ్ళిన టమాటలు గాలి చొరని పెద్ద తొట్టిలో మురగబెట్టి బండ్లకు ఇంధనం తీసేవాళ్ళు. తొట్టిలో గ్యాస్ ఎంత పుడుతోందో, షెడ్డులోకి ఏమైనా కారుతోందో సెన్సర్లు చెబుతాయి. వాటిని కనిపెట్టుకుని కూర్చోవడం నా పని. (కాలేజీలో సెన్సర్ల గురించి రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. పరీక్షలో అవి కూత పెట్టలేదు.) చిన్న నిప్పురవ్వ చాలు, అంతా పోతామని పెద్దసారు మొదటిరోజే చెప్పడంతో, అన్నం ముందు కూర్చున్నా ప్రాణం గుప్పిట్లోనే ఉండేది.

దసరా నాడు పెద్దసారు సెలవు. తొట్టికి పెండ కలిపే చిన్నమ్మ (అందరం అలాగే పిలిచేవాళ్ళం) మిషన్లన్నిటికీ పసుపు కుంకుమ పెడుతోంది. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి షెడ్డులో కీచుమంటూ అలారం. గోడ మీద సెన్సర్ ఎర్రగా వెలుగుతోంది, దాని కిందే చిన్నమ్మ పెట్టిన నూనె దీపం! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"చిన్నమ్మా, గ్యాస్ కారుతాంది! దీపం ఆర్పి బయటికి ఉరుకు!"

"నీ నోట్ల మన్నువడ, పండుగ పూట దీపం ఊదుతరా? దానంతటదే కొండెక్కాలె," అని ఆమె దీపానికి చెయ్యి అడ్డం పెట్టి అక్కడే కూర్చుంది.

"పేలుతది చిన్నమ్మా!"

"దసరా నాడు దేవుడు గంత పని చెయ్యడు. నీకు ఫికరైతే నువ్వు పో బిడ్డా."

నిజంగానే పోదామనుకున్నాను. గేటు దాకా పోయాను కూడా. వెనక్కి చూస్తే ఆమె నిమ్మళంగా వత్తి సవరిస్తోంది. ఓరి దేవుడా, ఈ మనిషిని వదిలి ఎట్లా పోను? తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ తిరిగి లోపలికి పోయి ఉఫ్ అని ఊదాను. దీపం ఆరింది. అలారం ఆగలేదు. చావు ఖాయమని గోడకు ఆనుకుని కూలబడ్డాక గుప్పున కల్లు వాసన తగిలింది.

"దీని మీద ఏం పోసినవ్?"

"సాక. అన్ని మిషన్లకు గింత కల్లు పోసిన. దీనికొక్కదానికి పొయ్యకుంటే అలగదా?"

ఆ కల్లు ఆవిరికే సెన్సర్ గొంతు చించుకుంటోంది. మిగతా సెన్సర్లన్నీ పచ్చగానే ఉన్నాయి. తుడిచి, తలుపులు బార్లా తెరిచాక ఊరుకుంది. చిన్నమ్మ మాత్రం దీపం ఊదినందుకు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు కొత్తవాళ్ళకు నేనే నేర్పుతున్నాను: అలారం మోగితే బయటికి పరుగెత్తాలి, ఎవరి కోసమైనా సరే మళ్ళీ లోపలికి పోకూడదు. ఆ మాట అంటుంటే మొక్కుకుంటూ లోపలికి పోయిన ఆ పిల్లగాడు కళ్ళ ముందుకొస్తాడు. నా దగ్గర పనిచేస్తుంటే వాణ్ణి ఆ రోజే ఉద్యోగంలోంచి తీసేసేవాణ్ణి. పంపేముందు ఒక్కసారి దగ్గరకు తీసుకునేవాణ్ణి.