బిత్తలయ్య, మా బేస్తవారం

ఈ మధ్య పేపర్లో ఏదో ఊరి పార్కులో బట్టల్లేని విగ్రహాల మీద గొడవ జరుగుతోందని చదివాను. పిల్లాపాపలతో వచ్చే చోట అలాంటివి ఉండవచ్చా అని ఒకరు, కళంటే తెలియదా అని ఇంకొకరు. రెండు వైపుల వాళ్ళూ ఆడవాళ్ళ పేరే చెబుతున్నారు. పేపరు మడిచి పక్కన పెట్టి బీరువాలోంచి పాత డైరీలు తీశాను. పెళ్ళయిన ఏటి నుంచి రోజూ రాస్తున్నాను. ఏ ఏటికి ఆ ఏడు అట్ట వేసి వరసగా పెట్టుకున్నాను కనుక వెతకడం కష్టం కాలేదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఇలాంటి రాయి గురించే మా ఊళ్ళో సభ జరిగిన ఆదివారం కింద "ఎండ ఎక్కువ. తలనొప్పి" అని మాత్రమే ఉంది. మిగతాది రాసుకోవడానికి ఆ రోజు నాకు మొహం చెల్లలేదు.

అప్పుడు నేను ఆడపిల్లల బళ్ళో టీచరుని. మా ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఊరు ఒక్కసారిగా రాజధాని అయ్యేసరికి ఖాళీ జాగా కనబడ్డ చోటల్లా డేరాలు లేచాయి, అద్దె ఇల్లు దొరకడం గగనమైంది. మేమిద్దరం, మా అత్త ఒక పాత మిద్దెలో రెండు గదుల్లో సర్దుకున్నాం. బండరాళ్ళ గోడలు. పగలంతా తాగిన ఎండను సాయంత్రం లోపలికి వదిలేవి.

వీధి చివర పార్కు ఉండేది. చుట్టూ ప్రహరీ, లోపల వేపచెట్లు, సిమెంటు బెంచీలు, ఎన్నడూ నీళ్ళు చిమ్మని ఫౌంటెను. గురువారం, అంటే ఆ ఊరి మాటలో బేస్తవారం, సాయంత్రం మగవాళ్ళను లోపలికి రానిచ్చేవారు కాదు. దాన్ని జనానా అనేవాళ్ళు. నవాబుల నాటి పద్ధతో, ఏ కలెక్టరు భార్యో పెట్టించిందో ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం కాపలాదారు గేటు బయట స్టూలు వేసుకుని రోడ్డు వైపు తిరిగి కూర్చునేవాడు. లోపల మేం కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. చెప్పడానికి ఇంతే. కానీ వీధిలో నడిచేటప్పుడు కూడా కొంగు సవరించుకుంటూ తల వంచుకుని నడిచే ఆడదానికి ఆరుబయట కాళ్ళు చాపుకోవడమంటే ఏమిటో ఎట్లా చెప్పాలి?

మా పక్కింటి బీబీ కూడా మాతోపాటే వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్ద. వాళ్ళాయనకు తోళ్ళ వ్యాపారం. ఆమెకు వారంలో గడప దాటే పొద్దు అదొక్కటే. పార్కులోకి అడుగు పెట్టగానే బురఖా తీసి, మడిచి, ఫౌంటెను పక్కన నిలబడి ఉన్న రాతి మనిషి భుజం మీద వేసేది. మిగతా వాళ్ళూ అంతే. బుట్టలు ఆయన పాదాల దగ్గర, చిన్నపిల్లలు ఆయన కాళ్ళు పట్టుకుని.

ఆ రాయి కాలువ తవ్వుతుంటే బయటపడిందట. నిలువెత్తు మగమనిషి, చేతులు రెండూ పక్కలకు సూటిగా వేలాడుతుంటాయి, ఒంటి మీద నూలుపోగు లేదు. ఎవరో జైన సన్యాసి అన్నారు చదువుకున్నవాళ్ళు. మా అత్తకు ఆ చర్చతో పని లేదు. ఆమెది ఆలూరు దిక్కు పల్లె. "మా ఊరి చేన్లో కూడా ఇట్లాంటాయప్ప ఉండాడు, బిత్తలయ్య అంటాం. వాన రాకుంటే ఆడోళ్ళమే పోయి కడవలతో నీళ్ళు పోస్తాం" అని చెప్పింది. బిత్తల అంటే వాళ్ళ వైపు దిసమొల. ఆ మాటతో మా పార్కు రాయికి కూడా అదే పేరు స్థిరపడిపోయింది.

గొడవ ఒక వకీలుగారితో మొదలైంది. ఊరికి పెద్దమనుషులు వస్తున్నారు, కుటుంబాలతో పార్కుకు వెళుతున్నారు, మన అక్కచెల్లెళ్ళు తిరిగే చోట ఇదేం దృశ్యం అని పార్కు కమిటీకి అర్జీ పెట్టాడు. చెడ్డవాడు కాదు. మా బళ్ళో పేదపిల్లలకు పలకలు కొనిచ్చిన మనిషే. కమిటీవాళ్ళు తాత్కాలికంగా అని కాపలాదారు చేత రాయి నడుముకు ఒక ఎర్రటి తువ్వాలు చుట్టించారు.

ఆ గురువారం మేం వెళ్ళేసరికి తువ్వాలు గాలికి ఎగురుతూ ఉంది. అత్త దాన్ని చూసి ఆగిపోయింది.

"ఇన్ని దినాలు లేని చలి ఈయప్పకు ఇప్పుడు యాడనుంచి వచ్చెనే?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ సాయంత్రం ఎవరూ బురఖా ఆయన భుజం మీద వేయలేదు. పెద్దపిల్లలు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ అటే చూస్తున్నారు. అన్ని వారాలూ నేను ఆ రాయికి ఆనుకుని వేరుశనక్కాయలు ఒలిచినదాన్ని. తువ్వాలు చుట్టాక గానీ దాని వెనక ఏముందో నాకు తలపుకు రాలేదు. ఒకసారి తలపుకు వచ్చాక కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా గేటు ఎదురుగా సోడా బండి దగ్గర కుర్రకారు చేరడం మొదలైంది. రాయిని చూడ్డానికి ఎవరెవరు వస్తున్నారో చూడ్డానికి వాళ్ళు వచ్చారు.

తేల్చడానికి ఆదివారం ఉదయం మా బడి హాల్లోనే సభ పెట్టారు. ఆడవాళ్ళ తరఫున ఎవరైనా ఉంటే బాగుంటుందని అడిగితే, హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను వెళ్ళమన్నారు. సంగతి తెలిసి ముందు రోజు బీబీ గోడ మీదుగా పిలిచింది.

"టీచరమ్మా, ఆ పత్తర్ ఉంటే ఉండనీ, పోతే పోనీ. మా బేస్తవారం మాత్రం పోకుండా చెప్పు. అంతే చాలు."

చెబుతానన్నాను. చెప్పాలనే వెళ్ళాను. ఒకే ఒక్క వాక్యం. దారి పొడుగునా మనసులో వల్లె వేసుకున్నాను.

హాలు నిండా మగవాళ్ళే. నా కుర్చీ వేదికకు పక్కగా, అందరికీ కనబడేలా వేశారు. కాలేజీ కుర్రాడొకడు లేచి, గుడి గోపురాల మీద ఉన్న బొమ్మలకు బట్టలున్నాయా, వాటి కిందనుంచి కుటుంబాలతో పోవడం లేదా అని అడిగాడు. గుడి వేరు, పార్కు వేరు అన్నాడు వకీలు. రిటైరైన తహసీల్దారుగారు, సర్వం విడిచిన మహానుభావుణ్ణి చూసి సిగ్గుపడితే లోపం మనదే అన్నారు. బట్టల కొట్టు శెట్టిగారు తన ఖర్చుతో సిమెంటు పంచె కట్టిస్తానన్నాడు. దానికి హాలంతా నవ్వింది. అంచు కూడా వేయిస్తావా అని ఎవరో అడిగారు. ఇలా గంటసేపు సాగింది. గురువారం మాట ఎవరూ ఎత్తలేదు. అది ఎత్తాల్సింది నేనే కదా అని చేతిరుమాలు పిండుకుంటూ కూర్చున్నాను.

చివరికి వకీలుగారు నా వైపు తిరిగాడు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"అమ్మా, మీరు సంకోచపడకండి. ఆ విగ్రహాన్ని చూసినప్పుడు ఆడవాళ్ళకు ఎట్లా అనిపిస్తుందో మీరే చెప్పండి."

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. ఏమీ అనిపించదంటే, చూసి చూసి సిగ్గు వదిలేసిన దాన్నవుతాను. ఇబ్బందిగా ఉంటుందంటే, ఆ రాయిని ఎక్కడ చూశానో, ఎట్లా చూశానో అంతమంది ముందు ఒప్పుకున్నదాన్నవుతాను. మూడో వరసలో మా ఆయన ఆఫీసు వాళ్ళున్నారు. వల్లె వేసుకున్న వాక్యం నోట్లోనే ఉంది. అది అడిగిన దానికి జవాబు కాదు. జవాబు కాకపోయినా చెప్పి ఉండవచ్చునని ఇన్నేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. అప్పుడు మాత్రం, అందరూ చూస్తుండగానే, తల దించుకున్నాను.

"చూశారు కదా," అన్నాడు వకీలుగారు సభ వైపు తిరిగి. "ఆ తల్లి తల దించుకుంది. ఇంతకంటే ఏం చెప్పాలి?"

చప్పట్లు కొట్టారు. తహసీల్దారుగారు కూడా ఇంకేం మాట్లాడలేదు. రాయిని తీసేయించాలని, అంతదాకా స్త్రీలకు ఈ ఇబ్బంది కలగకుండా జనానా ఆపేయాలని తీర్మానించారు. గురువారం సాయంత్రం కూడా పార్కు మామూలుగా తెరిచే ఉంటుందట. బయటికి వస్తుంటే పెద్దమనుషులు నాకు దారి ఇచ్చి నమస్కారాలు పెట్టారు. ఆ గౌరవం ఎంత బరువుగా ఉందో! నేను సిగ్గుపడింది రాయిని చూసి కాదని, వాళ్ళు అట్లా అడిగినందుకని, అప్పుడైనా ఒక్కరికి చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చేసరికి బీబీ గోడ దగ్గరే ఉంది. చెప్పలేకపోయానన్నాను. ఆమె ఎంతమంది ఉన్నారని అడిగింది. హాలు నిండా అన్నాను. "అంతమంది మగోళ్ళ నడుమ అయితే నేను పోయేదాన్నే కాదు. నువ్వు పోయినావు కదా" అంది. ఓదార్చడానికే అంది. తిట్టి ఉంటే కాస్త ఊపిరి ఆడేది.

మా ఆయన రాత్రి భోజనాల దగ్గర, సభకు వచ్చిన ఆఫీసు వాళ్ళంతా నిన్ను మెచ్చుకుంటున్నారని చెప్పాడు. అత్త సంగతంతా విని, "నీ నోట్లో ఏముండిందే అప్పుడు?" అని మాత్రం అడిగి సంగటి ముద్ద కలుపుకుంది.

రాయి అప్పుడే కదలలేదు. బండి ఎవరు పంపాలి, ఎక్కడ దించాలి అని తేలడానికి మరుసటి ఎండాకాలం దాకా పట్టింది. జనానా మాత్రం ఆ వారమే పోయింది. రాయిని తీసుకుపోయాక కూడా ఎవరూ జనానాను మళ్ళీ పెట్టలేదు. అప్పటికి గురువారాలు అక్కడ వాలీబాల్ ఆడుతున్నారు.

సభ తర్వాత వచ్చిన మొదటి గురువారం సాయంత్రం అత్త ఎప్పటిలాగే వక్కాకు సంచీ నడుముకు దోపుకుని బయలుదేరింది. ఆపుదామని నేను వెనక వెళ్ళాను. మమ్మల్ని చూసి బీబీ కూడా బురఖా వేసుకుని వచ్చింది. పార్కు గేటు బార్లా తెరిచి ఉంది. లోపల బెంచీల నిండా మగవాళ్ళు. కాపలాదారు స్టూలు మీదనుంచి లేచి, ఈరోజు జనానా లేదు, లోపలంతా మగవాళ్ళున్నారు, పైగా ఆ రాయి ఉంది, ఆడవాళ్ళు పోకూడదని పెద్దలు చెప్పారన్నాడు.

"ఏమప్పా, ఆ రాయికి నేను భయపడాల్నా, నన్ను చూసి ఆ రాయి భయపడాల్నా? జరుగు" అంది అత్త.

అతను జరిగాడు. ఆమె నడిచి వెళ్ళి ఫౌంటెను గట్టు మీద, తువ్వాలు కట్టుకున్న బిత్తలయ్య పక్కనే కూర్చుని కాళ్ళు చాపింది. బెంచీ మీది వాళ్ళు మాటలాపి చూశారు. కొంతసేపటికి ఒకరిద్దరు లేచి దూరంగా పోయారు. ఆమె ఆకుకు సున్నం రాసుకుంటూ గేటు వైపు చూసి కేకేసింది.

"రామ్మే, ఈడ గాలి శానా బాగుండాది. ఆ పాపను కూడా పిల్చుకోని రా."

ఆ పాప అంటే బీబీ. ఆమె గేటు అవతల నా పక్కనే నిలబడి ఉంది. ముసుగులోంచి కళ్ళు పార్కు వైపు లేవు, నా వైపు ఉన్నాయి. నేను అడుగు వేస్తే ఆమె వేసేది. ఈ మాట ఇప్పుడు ఊహించి రాయడం లేదు, అప్పుడే నాకు స్పష్టంగా తెలుసు. సోడా బండి దగ్గర ఎవరో "అదిగో టీచరమ్మ" అన్నారు.

పరీక్ష పేపర్లు దిద్దాలి అన్నాను. ఆమె అడక్కుండానే అన్నాను. అని, వెనక్కి తిరిగాను. బీబీ ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా వెనకాల చెప్పుల చప్పుడు వినిపించింది.